మెట్టన ఒక రిమోట్ రేడియో స్టేషన్ పెట్టనివ్వండి: నెల్లూరు, ప్రకాశం అధికారులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో విపత్తు నిర్వహణ చూసే అధికారులకు, వైర్‌లెస్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర అధికారులకు,

నమస్కారం.

మేం ఈ రెండు జిల్లాల్లో లైసెన్సు తీసుకుని అమెచ్యూర్ రేడియో, అంటే వ్యాపారానికి కాకుండా ఆసక్తితో నడిపే రేడియో, నడుపుతున్నవాళ్లం. జనం మమ్మల్ని హ్యామ్‌లు అంటారు. సముద్రానికి దూరంగా, కనిగిరి, పొదిలి, ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతంలో ఒక హెచ్ఎఫ్ (టవర్లు లేకుండానే వందల కిలోమీటర్లు అందే) రేడియో స్టేషన్ పెట్టి, దాన్ని నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ ఇంటర్నెట్ ద్వారా రోజూ నడపాలన్నది మా ప్రతిపాదన. దానికి ఒక గది కావాలి, రాతపూర్వకంగా ఒక అనుమతి కావాలి. అర్జీలు పెట్టుకున్నాం. కాదని ఎవరూ అనలేదు, సరే అని కూడా ఎవరూ అనలేదు. కాగితం ఎక్కడ ఆగిందో పేరు పెట్టి చెప్పి ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎలా ఉంటుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఇంకా ఆగలేక జనం అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాం.

ఈ తీరం చూసిన తుపాన్లను మీకు గుర్తుచేయాల్సిన పని లేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటింది ఒకటి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి. తుపాను ఇక్కడ దాటకపోయినా మనకు ముప్పు తప్పదు. 2015 నవంబరు వానలకు గూడూరు ప్రాంతంలో జాతీయ రహదారి మునిగి బండ్లు బారులు తీరాయి. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటికి పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు రహదారి దెబ్బతింది. మా విషయానికి ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. ఫోన్ టవర్లను కలిపే ఫైబర్ చాలాచోట్ల ఆ రోడ్ల పక్కనే, ఆ కల్వర్టుల మీదుగానే పోతుంది. రోడ్డు తెగిన చోట ఫైబర్ కూడా తెగుతుంది.

ఫోన్లు పోతే మామూలు జనానికి ఏం జరుగుతుందో ముందు చెబుతాం.

1. టవర్ ఒక్కసారిగా చావదు. కరెంటు పోయాక కొన్ని గంటలు బ్యాటరీ మీద నడుస్తుంది, తర్వాత జెనరేటర్ మీద. డీజిల్ తెచ్చే దారి మునిగితే అదీ ఆగుతుంది. ఫైబర్ తెగితే ఇంకో రకం ఇబ్బంది: టవర్‌కు కరెంటు ఉంటుంది, ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం పోదు. తన ఫోనే చెడిందనుకుని మనిషి దాన్ని ఆపి, పెట్టి, ఉన్న కాస్త చార్జింగ్ కూడా పోగొట్టుకుంటాడు. విపత్తులో ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా టెలికాం శాఖ వీలు కల్పిస్తోంది. చాలా మంచి ఏర్పాటు. కానీ ఆ మండలంలో ఒక్క టవరైనా బతికి ఉంటేనే అది అక్కరకొస్తుంది.

2. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, పాకల, కొత్తపట్నం వైపు పట్టపుపాలేల్లో ఆడవాళ్లకు కావలసింది ఒక్క ముక్క. వేటకెళ్లిన బోటు ఫలానా రేవులో కట్టేశారు, మనుషులు క్షేమం అని. ఆ ముక్క రేవు నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి పాలేనికి చేరాలి. రేడియోలో దానికి అర నిమిషం చాలు. ఫోన్లు లేని రోజు ఆ అర నిమిషం మాట రెండు మూడు రోజులకు గానీ చేరదు. ఈలోగా తమ వాళ్లను వెతకడానికి ఇంకో బోటు సముద్రంలోకి దిగుతుంది. అసలు ప్రమాదం అదే.

3. నెలలు నిండిన గర్భిణి, డయాలసిస్ రోగి, ఇన్సులిన్ మీద ఉన్న ముసలాయన. 108కి ఫోన్ కలవదు. కలిసినా ఏ కాజ్‌వే మీద నీళ్లు పోతున్నాయో అంబులెన్స్ డ్రైవర్‌కు చెప్పేవాళ్లుండరు. మన్నేరు, పాలేరు, ముసి, గుండ్లకమ్మ పొంగినప్పుడు పది కిలోమీటర్ల దూరం యాభై కిలోమీటర్ల చుట్టు అవుతుంది. పీహెచ్‌సీ డాక్టర్‌కు కావలసింది పొడుగాటి సంభాషణ కాదు. పేరు, వయసు, మందు, ఎన్ని, ఏ దారి తెరిచి ఉంది. ఇలాంటి జాబితాలు పంపడానికి హెచ్ఎఫ్ రేడియో సరిగ్గా సరిపోతుంది. చదివింది తిరిగి చదివించుకుని సరిచూసుకునే పద్ధతి మాకు అలవాటే.

4. "కట్ట తెగింది" అన్న పుకారు. అర్ధరాత్రి ఒకరు అంటే చాలు, ఊరంతా పిల్లాజెల్లతో చీకట్లో పరిగెత్తుతుంది. కట్ట దగ్గర నుంచి సరైన మాట వినిపించే మార్గం ఉంటే ఆ పరుగు ఉండదు.

5. రొయ్యల గుంటల రైతుల సంగతి క్లుప్తంగా. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లవారే వేళకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. వ్యాపార సందేశాలు మేం పంపం, నియమాలు ఒప్పుకోవు. ఫీడరు ఎప్పటికి వస్తుందో ప్రభుత్వం చేసే ప్రకటన మాత్రం గ్రామానికి చేర్చగలం. అద్దె జెనరేటర్ తేవాలో వద్దో రైతు దాన్నిబట్టి తేల్చుకుంటాడు.

ఇక మా ప్రతిపాదనకు మూలమైన మాట. విపత్తు కోసమని కొని బీరువాలో పెట్టిన రేడియో విపత్తులో పనిచేయదు. బ్యాటరీ చార్జింగ్ లేక చచ్చిపోతుంది. కేబుల్ చివరి కనెక్టర్ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఏంటెనా కట్టిన నైలాన్ తాడు ఎండకు పుచ్చి మొదటి గాలికే తెగుతుంది. సెట్టు నడపడం నేర్చుకున్న ఉద్యోగికి ఎప్పుడో బదిలీ అయిపోయి ఉంటుంది. రోజూ నలుగురు వాడే స్టేషన్‌లో ఈ లోపాలన్నీ మామూలు రోజుల్లోనే బయటపడతాయి, బాగుచేసుకుంటాం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యామ్‌లు వార్తలు పంపగలిగారంటే కారణం ఇదే. భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అప్పటికే అక్కడ ఉంది, ఏంటెనాలు నిలబడి ఉన్నాయి, సెట్లు రోజూ నడుస్తున్నాయి.

మెట్టన పెట్టే స్టేషన్‌ను రోజూ వాడాలంటే రిమోట్ తప్ప దారి లేదు. లైసెన్సు ఉన్నవాళ్లలో ఎక్కువమంది నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు. మేడ మీద ఏంటెనా తీగ కట్టనివ్వరు. కట్టనిచ్చినా వినపడదు. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్లు, సోలార్ ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు కలిసి హెచ్ఎఫ్ బ్యాండ్ల మీద గరగర నింపేస్తాయి. తీరం వెంబడి ఇంకో పోటు ఉంది: ఉప్పుగాలికి 11 కేవీ లైన్ల ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని, మంచు పడే వేళ సన్నగా స్పార్క్ కొడుతుంటుంది. మంచి వాన పడి కడిగేదాకా ఆ చిటపట తగ్గదు. గరగర ఎంతుందో చూపే రిసీవర్ మీటరు పట్టణంలో ఎస్8 గీత దగ్గర నిలబడి, ఊరి బయట మెట్టలో ఎస్3 కు దిగితే, ఒక్కో గీతకు 6 డెసిబెళ్ల చొప్పున తేడా 30 డెసిబెళ్లు. అంటే అవతలివాళ్లు వెయ్యి రెట్లు పవర్ పెడితే గానీ పట్టణంలో అంత స్పష్టంగా వినపడరు. పైగా కనిగిరి సముద్రానికి సుమారు 60 కిలోమీటర్లు లోపలుంది. తుపాను అంతదూరం వచ్చేసరికి గాలి జోరు తగ్గుతుంది, ఏంటెనా నిలబడే అవకాశం పెరుగుతుంది.

"తుపానులో ఇంటర్నెట్టే పోతే మీ రిమోట్ స్టేషన్ ఏం చేస్తుంది?" అని మమ్మల్ని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంటర్నెట్ పోయిన రోజున స్టేషన్ దగ్గర మనిషి కూర్చుని మైకు పట్టుకుని నడుపుతాడు. గోడ మీద లోకల్, రిమోట్ అని రాసిన ఒక స్విచ్చు, పక్కన మైకు, తెలుగులో పెద్ద అక్షరాలతో వాడే పద్ధతి, వాడాల్సిన ఫ్రీక్వెన్సీలు. ఆ ఊళ్లోనే ఇద్దరు ముగ్గురికి లైసెన్సు ఇప్పించడం మా బాధ్యత. రిమోట్ ఉండేది మిగతా రోజుల కోసం. ఇంకో రకం రోజుల కోసం కూడా: తీరంలో నెట్ పోయి మెట్టలో ఉన్నప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మన జిల్లా హ్యామ్ ఆ స్టేషన్‌ను అందుకుని రాత్రి షిఫ్టు చేయగలడు. స్థానికంగా ఉన్న నలుగురూ నిద్ర లేక పడిపోకుండా ఉంటారు.

స్టేషన్ ఎలా ఉంటుందో వివరంగా రాస్తున్నాం. సాంకేతిక సిబ్బంది చేత పరిశీలింపజేయండి.

ఏంటెనా. 7.1 మెగాహెర్ట్జ్ కోసం మొత్తం 20 మీటర్ల తీగ, 3.6 మెగాహెర్ట్జ్ కోసం మొత్తం 40 మీటర్ల తీగ. రెండు జతలూ ఒకే ఫీడ్ (కేబుల్ తగిలించే చోటు) దగ్గర కలుస్తాయి. మధ్యలో 10 నుంచి 12 మీటర్ల ఇనుప పైపు, అక్కడి నుంచి తీగలు రెండు వైపులా కిందికి వాలుతాయి, చివర్లు నేలకు 3 మీటర్ల పైనే ఆగాలి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు చివర్లలో వోల్టేజీ ఎక్కువ, మనుషులకూ పశువులకూ అందకూడదు. తీగను లెక్క కంటే ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు ఎక్కువ కోసి, మీటరు చూసుకుంటూ కత్తిరించుకురావాలి. ఏంటెనాను ఇంకా పైకి లేపుదామన్న తాపత్రయం ఇక్కడ వద్దు. ఈ ఎత్తులో ఉంటేనే సంకేతం నిటారుగా పైకెళ్లి అయనావరణం నుంచి మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు తిరిగి దిగుతుంది. మనకు కావలసిన నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, తిరుపతి, చెన్నై ఆ వలయంలోనివే. పగలు 7, పొద్దుగూకాక 3.6. తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ మీద దగ్గరి ఊళ్లు వినపడకపోతే సెట్టు చెడిందనుకోకూడదు, కింది బ్యాండుకు దిగాలి.

కరెంటు. 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అందులో 80 శాతం వాడుకుంటే సుమారు 2,050 వాట్-అవర్లు. వింటూ ఉన్నప్పుడు సెట్టు 16 వాట్లు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ 5 వాట్లు, ఫైబర్ మోడెమ్, రూటర్ కలిసి 12 వాట్లు. మొత్తం 33 వాట్లు, రోజుకు దాదాపు 790 వాట్-అవర్లు. 50 వాట్ల పవర్‌తో రోజుకు మొత్తం ఒక గంట మాట్లాడితే ఇంకో 170. అంటే సూర్యుడు కనపడకపోయినా రెండు రోజులు నిలుస్తుంది. 400 వాట్ల సోలార్ ప్యానెల్ మబ్బులు విడిపోయాక పని అందుకుంటుంది. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ ఎందుకు వద్దంటే, ఐసీ-7300 మోడల్ లాంటి హ్యామ్ సెట్టుకు 11.7 వోల్టుల పైన ఉండాలి. సగం దిగిన లెడ్-యాసిడ్ బ్యాటరీ మైకు నొక్కగానే అంతకంటే కిందికి పడిపోతుంది, సెట్టు మాట మధ్యలో ఆరిపోతుంది.

ఇంటర్నెట్. మాటకు పెద్ద వేగం అక్కర్లేదు. ఓపస్ పద్ధతిలో కుదిస్తే ఒక్కో వైపు 32 కిలోబిట్లు చాలు. లైను బలహీనంగా ఉంటే తెర మీద సంకేతాలను చూపించే వాటర్‌ఫాల్ బొమ్మ ఆపేస్తే సరి. ఆలస్యం మాత్రం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటలు ఢీకొనవు. సాయంత్రాలు పల్లెల్లో 4జీ నిండిపోయినప్పుడు ఆలస్యం ఒక్క తీరుగా ఉండదు, మాట ముక్కలవుతుంది. అప్పుడు బఫరు (మాటను కాస్త ఆపి వినిపించే వ్యవధి) 200 మిల్లీసెకన్లకు పెంచాలి. ఇంకో చిక్కు: ఇళ్లకొచ్చే చాలా కనెక్షన్లలో, మొబైల్ డేటాలో సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. వందల మంది ఒకే ఐపీ వెనక ఉంటారు గనక బయటి నుంచి స్టేషన్‌ను పిలిస్తే ఆ పిలుపు లోపలికి రాదు. అందుకని స్టేషనే బయట ఉన్న సర్వర్‌కు వైర్‌గార్డ్ అనే సురక్షిత మార్గం ద్వారా కలిసి, 25 సెకన్లకోసారి పలకరిస్తూ దారి తెరిచి ఉంచుతుంది. సెట్టును నడిపే 50001, 50002, 50003 పోర్టులను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

ఇక పాడయ్యే తీరు. రిమోట్ స్టేషన్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బయటి తుపాను కంటే లోపలి రేడియో తరంగమే. ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు ఏంటెనాకు వెళ్లే కోయాక్స్ కేబుల్ పై అల్లిక మీదుగా కొంత ఆర్‌ఎఫ్ (రేడియో తరంగ శక్తి) గదిలోకి వెనక్కి వస్తుంది. నెట్‌వర్క్ తీగలోకి, యూఎస్‌బీ తీగలోకి దూరి రూటర్‌ను స్తంభింపజేస్తుంది. అంటే మైకు నొక్కిన క్షణంలోనే లింకు పోతుంది, వదలమన్న ఆదేశం చేరదు, సెట్టు ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోతుంది. విరుగుడు: ఏంటెనా ఫీడ్ దగ్గర, గది గోడ దగ్గర ఆ తరంగాన్ని అడ్డుకునే మిక్స్-31 రకం ఫెరైట్ రింగు మీద కోయాక్స్‌ను 10 నుంచి 12 చుట్లు చుట్టాలి. యూఎస్‌బీ, నెట్‌వర్క్ తీగలన్నిటికీ ఫెరైట్ క్లిప్పులు వేయాలి. వీలైతే రూటర్‌కూ రాస్ప్‌బెర్రీ పైకీ మధ్య రాగి తీగ బదులు ఫైబర్ ముక్క. పవర్‌ను 10 వాట్ల నుంచి మెట్లు మెట్లుగా పెంచుతూ పరీక్షించాలి, ఒకేసారి 100కు పోకూడదు.

కరెంటు పోయి వస్తే సెట్టు దానంతట అది లేవదు. దాన్ని లేపే ఆదేశానికి ముందు వరసగా ఎఫ్ఈ అనే బైట్లు పంపాలి, 19200 వేగంలో 25, 115200 వేగంలో 150. ఇది తెలియక రిమోట్ పనిచేయడం లేదని యాభై మైళ్లు బండేసుకుని వెళ్లి బటన్ నొక్కి వచ్చినవాళ్లున్నారు. రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డు కరెంటు ఊగినప్పుడు పాడవుతుంది. దానికి ఎస్ఎస్‌డీ పెట్టి, బ్యాటరీ నుంచే 5 వోల్టులు ఇవ్వాలి. చౌక కన్వర్టర్ అయితే అదే గరగర పుట్టిస్తుంది. ఉప్పుగాలి చేరే చోట కనెక్టర్లన్నిటికీ సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు చుట్టాలి. బల్లులు, చీమలు దూరకుండా పెట్టె కన్నాలకు జల్లెడ. ఉరుములకు కోయాక్స్ మీద గ్యాస్ ట్యూబ్ అరెస్టర్, దానికి దగ్గరే ఎర్తు రాడ్డు, వాడనప్పుడు ఏంటెనాను ఎర్తుకు కలిపే రిలే.

భద్రత గురించి మీకున్న ఆలోచన మాకు అర్థమవుతుంది. రాకెట్ కేంద్రం షార్ శ్రీహరికోటలో ఉంది, కృష్ణపట్నం రేవు ఉంది, ఊరూపేరూ లేనివాడు దూరం నుంచి ట్రాన్స్‌మిటర్ నడపకూడదు. మేమూ అదే అంటున్నాం. ఒక సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఇంటర్నెట్ మీద మేం వాడే రహస్య సంకేతీకరణ స్టేషన్ తాళం దొంగచేతికి పోకుండా వేసుకున్నది. గాలిలోకి వెళ్లే మాట మామూలు తెలుగులో, ఇంగ్లిష్‌లో, స్టేషన్ గుర్తయిన కాల్‌సైన్‌తో, ఎవరైనా వినేలా ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చూసి అనుమానపడవద్దు. అమెరికా నియమాలు దూరం నుంచి నడిపే అమెచ్యూర్ స్టేషన్‌కు అనుమతిస్తూనే, లింకు చెడితే ట్రాన్స్‌మిషన్ 3 నిమిషాలకు మించకుండా ఆగిపోయే ఏర్పాటు ఉండాలనీ, అనధికారంగా ఎవరూ వాడకుండా రక్షణ ఉండాలనీ షరతు పెట్టాయి. సబబైన షరతులు. వాటికంటే కట్టుదిట్టంగా పెట్టుకోవడానికి మేం సిద్ధం.

మన దేశంలోని అమెచ్యూర్ రేడియో నియమాలు 1978 నాటివి. సెట్టు ముందు మనిషి కూర్చుంటాడన్న ఊహతో రాసినవి. లైసెన్సు మీద స్టేషన్ చిరునామా ఉంటుంది. నడిపే మనిషి వేరే ఊళ్లో ఉంటే ఏమిటన్నది ఎవరిని అడిగినా రాతలో చెప్పడం లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ఈ సందిగ్ధం తొలగించడానికి ఇదే అదను. అంతర్జాతీయ రేడియో నియమావళి 25వ అధికరణం కూడా విపత్తు సహాయానికి అమెచ్యూర్ స్టేషన్లు ముందుగా సిద్ధపడేలా వీలు కల్పించమని దేశాలను ప్రోత్సహిస్తోంది. 2005 మే 5న హ్యామ్‌ల కోసం హ్యామ్‌శాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్‌వీ-సీ6 మీద పంపించిన దేశం మనది. నేల మీద ఒక గదికి వెనకాడాల్సిన అవసరం లేదు.

మా డిమాండ్లు ఇవి.

1. లైసెన్సు ఉన్న ఆపరేటర్ దేశంలో ఏ ఊరి నుంచైనా, అనుమతించిన స్టేషన్‌ను ఇంటర్నెట్ ద్వారా నడపవచ్చని రాతపూర్వకంగా స్పష్టం చేయండి. ఈ షరతులు పెట్టండి: లింకు తెగిన రెండు సెకన్లలో ట్రాన్స్‌మిట్ వదిలే సాఫ్ట్‌వేర్ తాళం, అది పనిచేయకపోతే సెట్టులోనే 3 నిమిషాల టైమవుట్, రెండూ విఫలమైతే ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఎస్ఎంఎస్‌తో కరెంటు కోసే రిలే. ఆ ఎస్ఎంఎస్ పంపే అధికారం జిల్లా కంట్రోల్ రూమ్‌కు కూడా ఉండాలి. ఒక్కో ఆపరేటర్‌కు స్టేషన్‌లోకి ప్రవేశించే సొంత తాళం, ఇద్దరికి ఒకటి కూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీ మీద నడిపారో దానంతట అదే నమోదయ్యే లాగ్, అడిగినప్పుడు మీకు చూపిస్తాం. లైసెన్సు నకలు స్టేషన్ గోడ మీద.

2. మెట్ట మండలాల్లో వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ గది ఒకటి ఇప్పించండి. పది అడుగుల గది, 40 మీటర్ల తీగ పట్టే ఆవరణ, 11 కేవీ లైనుకు వీలైనంత దూరం, సోలార్‌కు పైకప్పు. రెండు జిల్లాలూ కలిసి వాడుకుంటాయి. పరికరాలు మేం సమకూర్చుకుంటాం.

3. చేతి సెట్ల మాటను అందుకుని దూరానికి తిరిగి పంపే వీహెచ్ఎఫ్ రిపీటర్‌కు ఉదయగిరి వైపు ఎత్తైన కొండ మీద, ఇప్పటికే ప్రభుత్వ టవర్ ఉన్న చోట కాస్త స్థలం ఇప్పించండి. 900 మీటర్ల ఎత్తు నుంచి రేడియో దిగంతం లెక్క ప్రకారం దాదాపు 125 కిలోమీటర్లు. నెల్లూరు సుమారు 90, కావలి 75, ఒంగోలు 105 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మధ్యలో గుట్ట అడ్డం రాని చోట చేతిలో పట్టే సెట్టుకే అందుతుంది. అటవీ, పురావస్తు అనుమతులు కావలసిన చోట కొత్త కట్టడమేదీ అడగం.

4. స్టేషన్‌కు రెండు దారుల్లో ఇంటర్నెట్ ఉండాలి: ఒకటి ఫైబర్, ఒకటి మొబైల్. వీటికి అదనంగా, లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో గుట్ట నుంచి గుట్టకు సొంత లింకు వేసి కలెక్టరేట్ దాకా తేగలమేమో సర్వే చేయనివ్వండి. అది కుదిరితే ఏ ఫైబర్ తెగినా కంట్రోల్ రూమ్ నుంచి స్టేషన్ అందుతుంది. ఒకే మజిలీలో ఇంత దూరం రాదు, గాలికి డిష్ కాస్త తిరిగినా లింకు పోతుంది. అందుకే దీన్ని మొదటి రోజే చేయమనడం లేదు.

5. 2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ కింద తయారయ్యే జిల్లా ప్రణాళికలో ఈ స్టేషన్‌ను, దాని ఫ్రీక్వెన్సీలను, ఆపరేటర్ల జాబితాను చేర్చండి. ప్రతి నెలా ఒక పూట ఫోన్ వాడకుండా కంట్రోల్ రూమ్, తుపాను షెల్టర్లు, స్టేషన్ మధ్య సందేశాలు నడిపే అభ్యాసం పెట్టండి. అందులో సగం రిమోట్ మీద, సగం నెట్ తీగ పీకేసి స్టేషన్ దగ్గర కూర్చుని. తీగ పీకని అభ్యాసంతో ఏమీ తేలదు.

6. ఆపరేటర్ పరీక్షను ఏడాదికోసారి నెల్లూరులోనో ఒంగోలులోనో పెట్టండి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయవచ్చు. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, తీర గ్రామాల యువకులు ఉత్సాహంగా ఉన్నారు. పాఠాలు మేం ఉచితంగా చెబుతాం.

7. తీరం వెంబడి ఇన్సులేటర్లు స్పార్క్ కొట్టే చోట్లను మేం రిసీవర్‌తో వెతికి స్తంభం నంబర్లతో సహా విద్యుత్ సిబ్బందికి ఇస్తాం. తుడిపించండి, పగిలినవి మార్పించండి. దీనివల్ల మా వినికిడి బాగుపడటమే కాదు, తుపాను ముందు ఆ లైన్లు తెగే ముప్పూ తగ్గుతుంది.

తోటి హ్యామ్‌లకు కూడా రెండు మాటలు. రిమోట్ తాళం తీసుకున్నవాళ్లు దాన్ని ఇంట్లో పిల్లలకు గానీ స్నేహితుడికి గానీ ఇవ్వకూడదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచి స్టేషన్ మీద కబుర్లు, పోటీలు బంద్. నెట్ కంట్రోల్ (రేడియోలో వంతులు చూసే ఆపరేటర్) పిలిచినవాళ్లే మాట్లాడాలి. మనలో ఒక్కరు గాడి తప్పినా ఈ అనుమతి మళ్లీ రాదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమని కోరుతున్నాం. అభ్యంతరం ఉంటే ఏ అంశం మీదో నంబరుతో రాయండి, పరికరాలు తెచ్చి మీ ముందే నడిపి చూపిస్తాం. గది, అనుమతి వచ్చిన నాటి నుంచి 60 రోజుల్లో స్టేషన్‌ను మీ కంట్రోల్ రూమ్‌కు వినిపించే పూచీ మాది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి జూలై నాటికి నిర్ణయం కావాలి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు